హెస్టర్ నిలబడాల్సిన చోటు

పెళ్ళి ఫోటోల వాళ్ళకు ఐదారేళ్ళకోసారి కొత్త పూనకం వస్తుందని మెరిన్ టోల్‌హర్స్ట్ అంటూ ఉంటుంది. ఆమె కెమెరా పట్టిన కొత్తలో ఫోటో అంతా నలుపు తెలుపు, పెళ్ళికూతురి చేతిలో గులాబీ ఒక్కటే ఎరుపు. తర్వాత కెమెరాను పక్కకు వంచి తీయడం వచ్చింది. చర్చి గోపురాలన్నీ తాగి తూలుతున్నట్టు ఉండేవి. ఆ పిచ్చి తగ్గాక తోడిపెళ్ళికూతుళ్ళంతా గాలిలోకి ఎగరాలన్నారు. ఇప్పుడేమో మాడిన రొట్టె రంగు. పచ్చగడ్డి కూడా గోధుమరంగులో కనపడాలి, ఎవరూ నవ్వకూడదు, అందరూ ఎటో చూస్తూ ఉండాలి. పెళ్ళికి వచ్చారో, శవయాత్రకు వచ్చారో ఎవరికీ తెలియకూడదు.

ఈ రంగులేవీ మెరిన్ వేయదు. అడిగితే పోట్లాడుతుంది. కొత్త కుర్రాళ్ళు డ్రోన్లు ఎగరేసుకుంటూ ఆమె గిరాకీ సగం పట్టుకుపోయినా సరే, మొండికేసి తన పద్ధతిలోనే తీస్తుంది. మీకు స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుందని ఓసారి రేడియోలో ఎవరో అమ్మాయి అడిగితే, "పెళ్ళి విందులో బల్లకింద దూరి చెప్పు వెతుక్కునే మేనత్త దగ్గర" అంది. పద్ధతంటే ఆమెకు ఉన్నది ఒక్కటే. ఫోటోలో ఉన్నవాళ్ళు ఉన్నట్టు కనపడాలి, మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ ఉండకూడదు.

అందుకే ఈసారి పెళ్ళికూతురు పిప్ ఆమెకు నచ్చింది. ఫోన్ నిండా ఎవరెవరి పెళ్ళి ఫోటోలో పంపి "అచ్చం ఇలాగే కావాలి" అనే రకం కాదు. "నాకు పళ్ళు పెద్దవి. నవ్వితే అన్నీ బయటపడతాయి. దాచొద్దు మెరిన్, అలాగే తీయండి" అంది. పదేళ్ళలో ఒక పెళ్ళికూతురు అడిగిన మంచి కోరిక అదొక్కటేనని మెరిన్‌కు అనిపించింది.

పెళ్ళి రివరీనా అనే మైదానాల్లో, పెళ్ళికొడుకు ఇంటివాళ్ళైన క్రాడక్‌ల గొర్రెల ఫారంలో. మార్చి నెల. నిరుడు పడాల్సిన వాన ఈ ఏటికీ పడలేదు. గడ్డి ఎండి గుచ్చుకుంటోంది, షెడ్డు వెనక కుంట అడుగు దాకా ఎండి పెంకులు పెంకులుగా విచ్చుకుంది. ముందు వారం చోటు చూసుకోవడానికి వచ్చినప్పుడు ఇంటి నడవలో నాలుగు తరాల పెళ్ళి ఫోటోలు చూసింది. అన్నీ ఒకచోట తీసినవే, ఉన్ని మూటలు బండికెత్తే చెక్క అరుగు మీద. ప్రతి ఫోటోలోనూ పెళ్ళికొడుకుకు కుడి పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇన్నేళ్ళలో వచ్చిన ఫోటోగ్రాఫర్లలో ఒక్కడికీ కళ్ళు లేవు కాబోలని మెరిన్ లోపల్లోపల నవ్వుకుంది.

ప్రమాణాలు అయ్యాక, ఎండ తేనె రంగుకు తిరుగుతుండగా, ఆమె అందరినీ ఆ అరుగెక్కించింది. షెడ్డులోంచి ఉన్ని జిడ్డు వాసన, పాత చెక్క వాసన, ఎవరో కాలుస్తున్న మాంసం వాసన వస్తున్నాయి.

"దగ్గరకు జరగండి! ఇంకా! ఒకరి చెమట ఒకరికి అంటాలి!"

"ఇంతకీ ఫోటో తీస్తావా, గొర్రెల్ని దొడ్లోకి తోలతావా?" అంది రోరీ నానమ్మ ఎనిడ్. తొంభైకి దగ్గర పడింది, నోరు మాత్రం ఇంకా పదునే.

"గొర్రెలైతే చెప్పిన మాట వింటాయి ఎనిడ్ గారూ!"

అందరూ నవ్వారు, కాస్త కాస్త జరిగారు. పెళ్ళికొడుకు రోరీ కుడి పక్క ఖాళీ మాత్రం అలాగే ఉంది. దాని అవతల నిలబడ్డ బాబాయి తన బూట్లవైపు చూసుకుంటున్నాడు.

"ఆ ఖాళీ పూడ్చండి" అంది మెరిన్.

ఎవరూ కదల్లేదు.

"అలా వదిలేయండి మెరిన్" అన్నాడు రోరీ నెమ్మదిగా. "మా ఇంట్లో అదో..."

అతని మాట పూర్తవలేదు. తాటిచెట్టంత మనిషి, ఎడమ పక్క నిలబడ్డ పిప్ ముఖం మీద అతని టోపీ నీడ పడుతోంది. కుడి పక్కకు వస్తే ఎండంతా ఆ పిల్లకే. మెరిన్ చరచరా అరుగెక్కి, పిప్‌ను భుజాలు పట్టి తెచ్చి ఖాళీలో నిలబెట్టింది. పిప్ నవ్వింది. పెద్ద పళ్ళన్నీ మెరిశాయి.

"వద్దు!"

ఎనిడ్ కేక కంటే క్లిక్ ముందు పడింది.

అప్పుడొచ్చింది వాసన. తడి బురద వాసన. నిలవనీటి అడుగున ఏళ్ళ తరబడి కుళ్ళిన బురద వాసన... కనుచూపు మేర చుక్క నీరు లేని చోట.

వరస చెదిరిపోయింది. మెరిన్ కెమెరా తెర చూసుకుంది. బాబాయి మీసంలో ప్రతి వెంట్రుకా కనపడుతోంది. పిప్ ముఖం ఒక్కటే తడి వేలితో రుద్దినట్టు అలుక్కుపోయి ఉంది.

ఫోకస్ తప్పిందనుకుంది. పిప్‌ను గోడ దగ్గరకు పిలిచి ఒక్కదాన్నే తీసింది. తెరమీద పిప్ వీపు కనపడింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇటు తిరుగమ్మా."

"మీవైపే కదా చూస్తున్నా!" అంది పిప్. తర్వాత పాదాలు కదిపి, గొంతు తగ్గించి అంది. "మెరిన్... నా బూట్లలో నీళ్ళున్నాయి."

వెనకనుంచి ఎముకల చెయ్యి ఒకటి మెరిన్ మోచేతిని పట్టుకుంది. ఎనిడ్. షెడ్డు పక్కకు లాక్కెళ్ళింది.

"ఎంత పని చేశావే..."

"ఏం చేశానని?"

"అది హెస్టర్ చోటు. ఈ ఇంటి మొదటి కోడలు. అప్పట్లో ఫోటో అంటే టౌను నుంచి బండి కట్టుకుని రావాలి. తన పెళ్ళినాడు అందరూ అరుగెక్కారు. ముఖం దుమ్ము కడుక్కొస్తా, నా చోటు ఉంచండి అని కుంటకు వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. వెలుతురు పోతోందని ఫోటోవాడు ఆ ఖాళీతోనే తీసేశాడు. ఆ వేళకు పిల్ల కుంటలో తేలుతోంది." ఎనిడ్ పెదాలు తడుపుకుంది. "అప్పట్నుంచీ ఉంచుతున్నాం. నా పెళ్ళికి మా ఆడపడుచు మేవిస్ తమాషాకు వెళ్ళి నిలబడింది. చీకటి పడేలోగా కుంటలో దొరికింది. ఆ ఏడూ ఇంతే, చుక్క నీరు లేదు. బట్టలు మాత్రం పిండితే కారుతున్నాయి."

మెరిన్ కెమెరాను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"తుడిచెయ్" అంది ఎనిడ్. "పొద్దు వాలకముందే. పొద్దుట్నుంచీ ఆ పిల్లను తీసినవన్నీ తుడిచెయ్. మేవిస్ అప్పుడు ఫిల్ము కడిగి ఫోటోలు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఫోటోలో లేని మనిషిని హెస్టర్ ఏం చేసుకుంటుంది? వదిలేస్తుంది."

"మేవిస్‌వి తర్వాతైనా తుడిచారా?"

"కత్తిరించి పొయ్యిలో వేశాం." ముసలామె కళ్ళు తిప్పుకుంది. "ఇప్పుడు దాని ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. నా పెళ్ళికి నా జడ అల్లిన పిల్ల."

మెరిన్ పొద్దున తీసిన ఫోటోలు వెనక్కి జరిపింది. పిప్ తల్లి గౌను వెనక గుండీలు పెడుతున్న ఫోటో. తల్లి ఉంది. వంగి నవ్వుతోంది. వేళ్ళు గాలిలో గుండీలు పెడుతున్నాయి. అద్దం ముందు కుర్చీ ఖాళీ. పిప్ తన పళ్ళు చూపిస్తూ తీయించుకున్న ఫోటోలో కిటికీ ఒక్కటే ఉంది.

అది చూశాక మెరిన్‌కు భయం కంటే ముందు ఒళ్ళు మండింది.

"తుడవను" అంది. "మనుషుల్ని తుడిచెయ్యడమే హెస్టర్ పని. మీరంతా కలిసి వందేళ్ళుగా ఆమె పని ఆమెకు చేసిపెడుతున్నారు."

"పెద్దదాన్ని చెబుతున్నా, పిల్లతో చెలగాటమా?"

"ఆ పిల్ల తన నవ్వు దాచొద్దని నన్నడిగింది. నేను దాచను. ఎవరొచ్చి అడిగినా దాచను."

షెడ్డు ముందుకొచ్చి పిప్ కోసం చూసింది. గోడ దగ్గర లేదు. రోరీ బీరు సీసా పట్టుకుని మిత్రులతో నిలబడి ఉన్నాడు.

"రోరీ, పిప్‌ను పిలువు. తొందరగా."

అతను ఆమెవైపు మర్యాదగా చూశాడు. "ఎవరిని?"

"నీ పెళ్ళాన్ని!"

రోరీ నుదురు ముడిపడింది. ఏదో జ్ఞాపకం చేసుకోవాలని నిజంగానే ప్రయత్నిస్తున్నాడు. వేలికి కొత్త ఉంగరం. దాన్ని తిప్పుతున్నాడు... తిప్పుతూనే ఉన్నాడు...

మెరిన్ కుంట వైపు పరుగెత్తింది.

పిప్ పెంకుల మట్టి మీద నడిచిపోతోంది. తెల్లగౌను నడుము దాకా తడిసి బురద రంగుకు తిరిగింది. ఆమె వేసిన ప్రతి అడుగులోనూ నీళ్ళు ఊరుతున్నాయి. నల్లగా... నిండుగా... మట్టిలో ఇంకకుండా. ఇంకో నాలుగడుగుల్లో కుంట నడిమధ్య.

"పిప్!"

వెనక్కి తిరగలేదు. మెరిన్ చెక్కలు విరిగినట్టు చప్పుడయ్యే ఆ మట్టి మీద పడుతూ లేస్తూ వెళ్ళి మణికట్టు దొరకబుచ్చుకుంది. చేపను పట్టుకున్నట్టుంది, అంత చల్లగా. అవతలినుంచి ఎవరో లాగుతున్నారు. కంటికి ఎవరూ లేరు. లాగుడు మాత్రం ఉంది.

"వదులు" అంది మెరిన్ పళ్ళబిగువున. "ఇది నీ పెళ్ళి కాదు."

ఈడ్చుకుంటూ తెచ్చింది. అరుపులకు జనం మళ్ళీ పోగయ్యారు. తడిసిన ఈ అమ్మాయి ఎవరన్నట్టు చూస్తున్నారు. కన్నతల్లి కూడా... అలాగే చూస్తోంది. పిప్ ఆ చూపును చూసింది.

"అరుగెక్కండి! అందరూ!" మెరిన్ గొంతుకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పిప్‌ను రోరీ ఎడమ పక్క నిలబెట్టి, అతని చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టింది. "వదిలావో, కాళ్ళు విరగ్గొడతా." కుడి పక్క ఖాళీని తన చేత్తోనే ఇంకాస్త వెడల్పు చేసింది. పాతికేళ్ళలో ఆమె ఏ వరసలోనూ ఖాళీ వదల్లేదు, ఇవాళ తనే చేసింది.

సూర్యుడు మైదానం అంచును తాకాడు. మెరిన్ కెమెరా ఎత్తింది. వచ్చిన ప్రతి ఫోటోగ్రాఫరూ పెళ్ళివాళ్ళ మీద ఫోకస్ పెట్టి, ఖాళీని ఖాళీగా తీసి పోయాడు. ఆమె లెన్సును నేరుగా ఆ ఖాళీ మీద నిలిపింది.

"హెస్టర్!" అని పిలిచింది. వరసలో ఎవరో ఏడుపు ఆపుకున్నారు. "చోటు ఉంచమన్నావు, ఉంచారు. ఫోటో మాత్రం ఒక్కడూ తీయలేదు. నేను తీస్తా. వచ్చి నిలబడు. నీ చోటులో నువ్వు, ఆ పిల్ల చోటులో ఆ పిల్ల. నా ఫ్రేములో ఎవరు ఎక్కడుండాలో నేనే చెబుతా. నువ్వు కాదు."

గాలి ఆగింది. ఈగలు కూడా ఆగాయి.

బురద వాసన పక్కనుంచి నడిచి వెళ్ళింది... మెరిన్ భుజానికి రాసుకుంటూ. చెక్క మెట్లు ఒకదాని తర్వాత ఒకటి కిర్రుమన్నాయి. అరుగు పలకల మీద తడి మరక ఒకటి పరుచుకుంటోంది.

మనుషుల ముఖాలు పట్టుకోవడానికి కెమెరా తెరమీద చిన్న చిన్న ఆకుపచ్చ చదరాలు వెలుగుతాయి. ఎనిడ్ ముఖం మీద ఒకటి. రోరీ మీద ఒకటి. పిప్ మీద... రాలేదు. ఖాళీలో, గాలిలో, పొట్టి మనిషి ఎత్తున ఒక చదరం మెల్లగా వెలిగింది. వణికింది. నిలిచింది.

సిగ్గుపడే పెళ్ళికూతుళ్ళందరికీ మెరిన్ చెప్పే మాటే చెప్పింది.

"గడ్డం కాస్త కిందికి... అంతే. ఊపిరి వదులు."

వదిలిన ఊపిరి అందరికీ వినపడింది.

పిప్ ముఖం మీద చదరం వెలిగింది. మెరిన్ నొక్కింది.

"అబ్బా, ఏమిటింత చల్లగా ఉన్నావు పిప్!" అన్నాడు రోరీ, కోటు విప్పి కప్పుతూ. తల్లి "గౌనుకు ఏం చేశావే నా తల్లీ!" అంటూ అరుగు మీదికి పరుగెత్తింది. పిప్ ఏడుస్తూ నవ్వుతోంది. పళ్ళన్నీ కనపడుతున్నాయి. తెరమీద కూడా కనపడుతున్నాయి, పొద్దుటి ఫోటోల్లోనూ, గుండీలు పెడుతున్న ఫోటోలోనూ. ఫోటోలో కుడి పక్క ఖాళీలో ఎవరూ లేరు. పలకల మీద తడి మాత్రం ఉంది.

మెరిన్ అరుగు అంచున కూలబడింది. షెడ్డులో డ్రమ్ము మోగుతోంది, ఎవరో పిప్‌ను ఎత్తుకుని తిప్పుతున్నారు. ఎనిడ్ వచ్చి పక్కన కూర్చుంది.

"హెస్టర్‌ను పేరు పెట్టి పిలిచావు" అంది. "ముఖాముఖి చూశావు. నా మాట విని ఇవాళ ఎవర్నీ నీ ఫోటో తీయనివ్వకు. ఇవాళే కాదు, ఎప్పుడూ."

"మళ్ళీ మొదలుపెట్టారా?" మెరిన్‌కు నిజంగా కోపం వచ్చింది. "ఇలా భయపడే కదా మేవిస్ ముఖాన్ని పోగొట్టుకున్నారు." కెమెరాను తనవైపు తిప్పుకుంది, చెయ్యి చాచింది. ముసలామె ఆపబోయింది. మెరిన్ తల ఎత్తి, లెన్సులోకి గుచ్చి చూసి, నొక్కింది.

"ఇదిగో, చూడండి."

తెరమీద ఆమె ముఖం స్పష్టంగా ఉంది. ప్రతి ముడతా, ముక్కు మీద ఎండకు కమిలిన మచ్చా. ఎక్కడా అలుక్కుపోలేదు. మెరిన్ గెలిచినట్టు నవ్వింది.

ఎనిడ్ నవ్వలేదు. వేలితో తెర అడుగున చూపించింది.

తల ఎత్తే తీసుకుంది మెరిన్. ఫోటోలో గడ్డం కాస్త కిందికి దించి ఉంది. దాన్ని దించుతూ, పక్కనుంచి చాచిన చేతి వేళ్ళు రెండు ఆమె దవడను ఆనుకుని ఉన్నాయి. గోళ్ళలో బురద.

మెరిన్ గడ్డం తడుముకుంది. తడిగా ఉంది.