మనుషుల లిస్టు

"పదింటికి మీటింగ్," అన్నాడు చీఫ్. "రోబోల నీతినియమాల కమిటీ. ఐదుగురు మెంబర్లు, ఒక గార్డు రోబో. శత్రుదేశం వాళ్ళు రోబోలో ఉన్న మనుషుల లిస్టులోంచి ఆ ఐదుగురి పేర్లూ కొట్టేశారు. తలుపు మూసుకోగానే, లిస్టులో లేనివాళ్ళు లోపలుంటే కాల్చేస్తుంది. ఫోన్లు బయటే వదిలేసి వెళ్ళారు. నీకు పావుగంట ఉంది."

"మనిషికి హాని చేయకూడదని రూలుంది కదా సార్?"

"చేయదు. లిస్టులో ఉంటేనే మనిషి. ఆ రూలు రాసింది కూడా ఈ కమిటీయే."

కమిటీ అధ్యక్షురాలు ఈ ఏజెంటుకి సొంత అక్క. రహస్యం కోసమని పన్నెండేళ్ళ కిందట డిపార్ట్‌మెంటు అతన్ని రికార్డుల్లో చంపేస్తే, పాపం నిజమనుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చిన మనిషి.

స్టోర్స్ గుమాస్తా వేషంలో, ఆఫీసు సామాన్లకు అంటించే నంబరు స్టిక్కర్ల చుట్ట చేతపట్టుకుని పరుగెత్తాడు. కారిడార్లో రెండు దేశాలకీ పనిచేసే డబుల్ ఏజెంటు ఒకావిడ ఎదురైంది, ముత్యాల దండలో మెరిసిపోతూ.

"లిస్టు సరిచేసే పాస్‌వర్డ్ ఇవ్వు!"

"పొద్దున్నే మార్చేశారు నాయనా," నవ్విందావిడ. "జీతం రెండు వైపులా ఇస్తారు గానీ, పాస్‌వర్డ్ ఎవరూ ఇవ్వరు."

అతను గదిలోకి దూరాడు. వెనకాలే తలుపు మూసుకుంది. రోబో తుపాకీ ఎత్తింది.

"ఆగు! వీళ్ళు మనుషులు!"

"లిస్టులో లేరండీ," అంది రోబో మర్యాదగా. "తమరూ లేరు."

ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు. అంతలో రోబోల మూడో రూలు గుర్తొచ్చింది: ఆఫీసు ఆస్తికి నష్టం కలిగించరాదు. చటుక్కున స్టిక్కరు చింపి మొదటి మెంబరు నుదుటిమీద కొట్టాడు.

"టేబులు!"

రోబో స్కాన్ చేసింది. తుపాకీ పక్కకు తిరిగింది.

"ఫ్యాను! సోఫా! గడియారం!"

చుట్టలో ఒక్కటే మిగిలింది. అక్క అతని మొహంకేసి తేరిపార చూసింది. "ఒరేయ్... నువ్వా?"

"నేనేనక్కా. కదలకు." ఆఖరిది ఆవిడ నుదుట అంటించాడు. "బీరువా!"

"మరి నీకురా?"

తుపాకీ అతనివైపు తిరిగింది. చెప్పడానికి టైమ్ చాల్లేదు.

సాయంత్రం రోబో రిపోర్టు అక్క చేతికొచ్చింది. కాగితం సరిగా కనబడనంతగా ఏడుస్తూనే చదివింది. నుదుటి స్టిక్కరు తీయడానికి ఆవిడకింకా ధైర్యం చాల్లేదు.

"ఐదు సామాన్లు భద్రం. మనుషులెవరికీ హాని జరగలేదు."