తవుడుకు కొన్న పేరు

తొట్టెల ఖాళీగా ఉంది.

మెత్తటి పరుపు మీద చిన్న తల ఆనిన గుంట మాత్రం మిగిలింది. శామీర్‌పేట ఇన్‌స్పెక్టర్ లలితకుమారి ఆ గుంటను చూసింది. తర్వాత చుట్టూ ఉన్న ముఖాలను చూసింది. ఇరవై ఒకటో రోజు పండుగ. ముహూర్తానికి ముందే, పేరు పెట్టించుకోవలసినవాడు మాయమయ్యాడు.

"పదింటికి తొట్టెలల ఉన్నడు మేడం. గంటసేపటికి వాళ్లమ్మ తానం జేసొచ్చి జూస్తే లేడు." తండ్రి శ్రీకాంత్ పనిమనిషి వైపు వేలు చూపించాడు. "ఆ యాదవ్వనే. పొద్దుగాల నుంచి గీ అర్ర చుట్టే తిరుగుతాంది. స్టేషన్‌కు తీస్కపోయి అడుగున్రి, చెప్తది."

పనిమనిషి యాదవ్వ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చేతిలో చీపురు ఇంకా ఉంది.

"తిరగక? ఊడ్వమన్నది మీరే గద సారూ. ఇంట్ల నాకు నలుగురున్నరు. ఇంకొకన్ని ఎత్తుకపోయి వానికేం పెట్టాలె?"

మంచం మీద తల్లి అశ్రిత కూర్చొని ఉంది. రవికె పాలతో తడిసింది. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

"పాలు తాగి రెండు గంటలైంది," అంది. అదొక్కటే పదేపదే అంటోంది.

లలితకుమారి పక్కన కూర్చుంది.

"ఇంతకుముందు పిల్లలున్నారా అమ్మా?"

"ఇద్దరు పుట్టిండ్రు. ఇద్దరూ దక్కలే. ఈసారి డాక్టరమ్మ నాకు షుగరున్నదని ముందే పట్టింది. మందులిచ్చింది. వీడు దక్కిండు."

"పేరు ఏమనుకున్నారు?"

"అన్వేష్. న్యూమరాలజీ ఆయన ఇంగ్లీషుల ఒక అక్షరం ఎక్కువ పెట్టమన్నడు. అట్లయితే ఆయుష్షు గట్టిగుంటదట."

బిడ్డను కాపాడినది వైద్యమే. కాని భయం వైద్యంతో తృప్తిపడదు. అక్షరాలు కొనుక్కుంటుంది.

కానిస్టేబుల్ శివ లోపలికి వచ్చాడు.

"గేటు కెమెరా జూసిన మేడం. లోపలికొచ్చినోళ్లే గాని బయటికి పోయినోళ్లు ఒక్కరు లేరు. ఎన్కదిక్కు చెత్తకుప్ప కాడ గూడ జూసిన. ఏం లేదు. చాటల తవుడున్నది, గంతే. బర్రెలకేమో."

"బర్రెలెక్కడున్నాయి?"

శివ కిటికీలోంచి బయటికి చూశాడు. ఒకప్పటి కొట్టం స్థానంలో రెండు కార్ల షెడ్డు ఉంది.

లలితకుమారి పెరట్లోకి నడిచింది. పొద్దున ఊడ్చిన ఆకులు, అరటి తొక్కలు, వాడిన బంతిపూలు కుప్పగా ఉన్నాయి. పక్కనే వెదురు చాట. చాటనిండా తవుడు. పైభాగం నున్నగా, ఎవరి చెయ్యీ పడనట్టుగా ఉంది. ఆమె దాన్ని తాకలేదు.

హాలులోకి తిరిగి వచ్చేసరికి పెద్దకోడలు తృప్తి అందరికీ మజ్జిగ ఇస్తోంది. గ్లాసుల్లో చుక్క కూడా తొణకడం లేదు.

"మీరు ఎక్కడున్నారమ్మా, ఆ సమయంలో?"

"కుర్చీలకు పోయిన మేడం. మా వెంచర్ల మోడల్ హౌస్ ఉన్నది, ఈ కాంపౌండ్లనే. కుర్చీలు అండ్లనే ఉంటయి."

"రెండుసార్లు పోయింది," అంది యాదవ్వ. "నేను తెస్తనమ్మా అంటే నీకెందుకు, నీ పని జూసుకో అన్నది."

గోడమీద పెద్ద ఫోటో ఉంది. పూలదండ వేసిన వృద్ధుడు, బిగుసుకున్న పెదవులు. కుడి ముక్కుపుటం మీద చిన్న రంధ్రం మచ్చ. దాని కింద అత్తగారు దుర్గాబాయి కూర్చొని జపమాల తిప్పుతోంది.

"ఈయన మీ ఆయనా పెద్దమ్మా?"

"ఔ బిడ్డా."

"పేరు?"

మొగుడి పేరు ఎత్తే తరం కాదు దుర్గాబాయిది. గడ్డంతో ఫోటో కింది అక్షరాలను చూపించింది. కీర్తిశేషులు పెంటారెడ్డి.

"అందరూ పి.ఆర్. అంటుండె మేడం," అని శ్రీకాంత్ గబగబా అందుకున్నాడు. బయట వెంచర్ బోర్డు మీద కూడా పి.ఆర్. ఎన్‌క్లేవ్ అనే ఉంది. కొడుకులకు తండ్రి భూమి పనికివచ్చింది. పేరు పనికిరాలేదు.

లలితకుమారి కుర్చీని ఫోటో ఎదురుగా లాక్కుంది.

"మాది శ్రీకాకుళం. మా తాత పేరు తవిటయ్య. బళ్లో పిల్లలు నవ్వుతుంటే నేను ఏడ్చేదాన్ని. ఆయనే చెప్పాడు ఒకరోజు. ఆయనకు ముందు పుట్టినవాళ్లంతా పోయారట. అందుకని ఆయన్ని పుట్టగానే చెత్తకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటావిడ ఎత్తుకుంది. మా ముత్తవ్వ చాటెడు తవుడిచ్చి ఆవిడ దగ్గర కొనుక్కుంది. తవుడు పాటి విలువ చెయ్యని బిడ్డ మీద చావుకు కూడా అసూయ పుట్టదని వాళ్ల నమ్మకం. ముక్కు కుట్టి, ఆ పేరే పెట్టారు."

ఆమె ఫోటో వైపు చూసింది.

"ఇక్కడ పెంట మీద పెట్టి పెంటయ్య అంటారు. పేరు వేరు. భయం ఒక్కటే. పెద్దమ్మా, పశువుల్లేని ఇంట్లో తవుడెందుకు?"

జపమాల ఆగింది.

"అత్తమ్మా?" అంది అశ్రిత. "నేనొద్దన్న గద. నా కొడుకును చెత్తల పెట్టొద్దని కాళ్లు మొక్కిన గద."

"పెట్టిన." దుర్గాబాయి తల ఎత్తలేదు. "ఆయన గట్లనే బతికిండు. నీ ఇద్దర్ని నా చేతులతోటి సాగనంపిన. మూడోవాన్ని పంపుతనా? గడియసేపు పండుకోబెట్టిన, గంతే. పెద్దకోడలు ఎత్తుకున్నది. తవుడు ముందల పెట్టిన. ఇంతల చుట్టాలొచ్చిండ్రని పిలిస్తిరి. పెద్దకోడలేమో, మీరు పోండి అత్తమ్మా, తొట్టెలల నేనేస్త అన్నది. ఎన్కకు తిరిగి చూడొద్దంటరు. చూడలే. బయటికి చెప్తే ఫలం పోతదని నోరు మూసుకున్న."

చూపులన్నీ తృప్తి వైపు తిరిగాయి.

"ఏసిన," అంది తృప్తి. "తొట్టెలల పండుకోబెట్టే కుర్చీలకు పోయిన. ఆ తర్వాత ఎవ్వలు తీసిండ్రో నాకేం ఎరుక?"

"అంటే బేరం పూర్తయిందన్నమాట."

"అయింది."

"కాలేదు," అంది లలితకుమారి. "అమ్మినావిడ ఇచ్చిన తవుడు తీసుకుని కొంగున కట్టుకోవాలి. తీసుకుంటేనే అమ్మినట్టు. మీ అత్తగారు పోసిన తవుడు పోసినట్టే ఉంది. పిడికెడు కూడా తగ్గలేదు. మీరు బిడ్డను అమ్మలేదమ్మా. కుర్చీలకని రెండుసార్లు వెళ్లారు. బయట షామియానా కింద చుట్టాల్లో సగంమంది కుర్చీల్లేక ఇంకా నిలబడే ఉన్నారు."

తృప్తి మజ్జిగ పళ్లెం నెమ్మదిగా కింద పెట్టింది. బొడ్లో ఉన్న తాళంచెవి మీదికి చెయ్యి పోయింది.

*

మోడల్ హౌస్ మేడమీద, కొనేవాళ్లకు చూపించడానికి అలంకరించిన పిల్లల గది ఉంది. గోడల మీద మబ్బులు, ఏనుగులు. నడుమ, ఏ బిడ్డా ఎన్నడూ పడుకోని ఉయ్యాల. అందులో బాబు మేలుకొని పిడికిలి చీకుతున్నాడు.

తాళం తీసిన తృప్తి అందరికంటే ముందు లోపలికి దూసుకుపోయి బిడ్డను ఎత్తుకుంది. అప్పుడు వాడు ఏడవడం మొదలుపెట్టాడు.

"అక్కా, ఇయ్యి. ఆకలైతాంది వానికి."

"నీ వాడా?" తృప్తి గొంతు పెంచలేదు. "అత్తమ్మ పెంట మీద పడేసింది. నేనెత్తుకున్న. ఎత్తుకున్నోళ్లదే బిడ్డ అంటిరి. ఇన్నేండ్లకు ఈ ఇంట్ల నాకు చెల్లుతదన్న మాట గదొక్కటే."

"వదినా, జైలుకు పోతవ్," అన్నాడు శ్రీకాంత్.

"పోత." తృప్తి అశ్రితనే చూస్తోంది. "నీ మొదటిది పోయినప్పుడు నీకంటే ముందు నేనేడ్చిన. రెండోది పోయినప్పుడు మూడు దినాలు నీకు బువ్వ తినిపించిన. నువ్వు గూడ నా లెక్కనే పిల్లలు లేనిదానివైతివి అనుకున్న. ఈసారి బతికిండు. అందరు మొక్కుతుండ్రు. నాకు నవ్వు రాలే, ఏడుపు రాలే. కడుపుల మంట, గంతే. ఎత్తుకున్నంక మంట చల్లారింది. ఎట్లియ్యాలె?"

శివ ముందుకు కదిలాడు. లలితకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. బిడ్డ తల ఇంకా నిలవదు. లాగులాటలో ఎవరు గెలిచినా నలిగేది వాడే.

అశ్రిత వెనక్కి తిరిగింది. ఆమె మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. బాలింత, చెప్పులు కూడా లేకుండా ఎండలో పరుగెత్తడం కిటికీలోంచి కనిపించింది.

తిరిగి వచ్చినప్పుడు ఆమె రెండు చేతుల్లో చాట ఉంది.

ఆ ఆచారాన్ని అసహ్యించుకున్న మనిషి మోకాళ్ల మీద కూర్చుని చాటను తృప్తి ముందుకు జరిపింది.

"అక్కా, నా కొడుకును నాకమ్ము."

తృప్తి తవుడు వైపు చూసింది. బిడ్డ వైపు చూసింది. వాడు ఆమె రవికె మీద మూతి పెట్టి వెతుక్కుంటున్నాడు. అక్కడ ఏమీ దొరకక మరింత గట్టిగా ఏడ్చాడు.

ఆమె వంగి, ఒక చేత్తో పిడికెడు తీసి కొంగులో పోసుకుంది. తర్వాత బిడ్డను ఇచ్చింది. ఖాళీ అయిన చేతులతో కొంగు ముడి వేసుకుంది.

అశ్రిత గోడవైపు తిరిగి పాలు పట్టింది. ఏడుపు ఆగింది.

కింద యాదవ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇగ ఇంటికి పోనా సారూ? ఇంకేమన్న పోయిందా?"

శ్రీకాంత్ తల దించుకున్నాడు.

లలితకుమారి తృప్తిని జీపు దాకా నడిపించింది. కేసు సంగతి స్టేషన్లో తేలుతుంది. తల్లి ఫిర్యాదు ఉంచుతుందో తీసుకుంటుందో ఇంకా తెలియదు.

"మీకు తృప్తి అని పేరు ఎవరు పెట్టారమ్మా?"

"మా నాయిన. నేను నాలుగో ఆడపిల్లను. ఆడపిల్లలు ఇగ చాలు అని గట్ల పెట్టిండు." తృప్తి జీపు ఎక్కింది. "పెంటయ్య అయితే ఏంది, తవిటయ్య అయితే ఏంది మేడం. కావాలని కొన్నరు వాళ్లను. నన్ను ఎవ్వలూ పిడికెడు తవుడిచ్చి కొనలే."

లలితకుమారి జీపు తలుపు వేసి ముందు సీట్లో కూర్చుంది.

జీపు కదిలింది. తృప్తి కొంగు ముడిని దారిపొడుగునా పిడికిట్లో పట్టుకునే ఉంది.