వందలో ముప్పై

పొద్దున్నే కారు తాళాలు కనబడలేదు. వంటగది కొక్కేనికి లేవు, చెప్పుల అర మీదా లేవు. పాతికేళ్లుగా ఊళ్లో సగంమందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి ఆవిడ, తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయే రకం కాదు. గుండెపోటు వచ్చి మూడు నెలలైంది. మెల్లగా పనిలోకి వెళ్లొచ్చని కిందటి వారమే డాక్టరు చెప్పాడు.

కానీ నాలుగు రోజులుగా ఇంటి వరస మారింది. భర్త నీళ్ల చెంబు కూడా ఎత్తనివ్వడు. కూతురు మాటిమాటికీ మొహంలోకి తొంగి చూస్తుంది. ఈ అతి ప్రేమ ఆవిడ ఒంటికి పడలేదు.

"ఏమండీ, తాళాలేవి?"

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తేలు కుట్టిన దొంగలా తన బ్యాగును వెనక్కి జరుపుకుంది.

"నీ బ్యాగులో ఉన్నాయా? తియ్యి."

తాళాలతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి జారిపడింది. ఆస్పత్రి ల్యాబులో పనిచేసే కూతురి చేతిరాత. పైన తల్లి పేరు, కింద వరసగా అంకెలు, చివర ముప్పై చుట్టూ ఎర్రటి గీత.

"ఏంటే ఇది?"

"కిందటి వారం నీకు చేసినవే, అందరికీ చేసే మామూలు రక్తపరీక్షలేనమ్మా. కణాలు, షుగరు, కిడ్నీవి. అన్నీ కలిపి లెక్కేస్తే, ఏడాదిలోపు గుండె మళ్లీ ఇబ్బంది పెట్టే అవకాశం ఎంతో అంచనా దొరుకుతుంది. మా ల్యాబులో కొత్తగా చేస్తున్నాం. నీలాంటి అంకెలున్నవాళ్లలో... వందలో ముప్పైమందికి."

"మిగతా డెబ్భైమంది?"

"బాగానే ఉంటారు."

"మరి నన్ను తీసుకెళ్లి ఆ ముప్పైలో కూర్చోబెట్టావేం?"

"నువ్వు బెంగపెట్టుకుంటావని నేనే చెప్పొద్దన్నాను," భర్త నసిగాడు.

"బాగుంది! నేనుండగానే సంతాపసభ పెట్టేశారన్నమాట. సరే, దీన్ని చూసి డాక్టరేమన్నాడు?"

కూతురు కాగితం వెనక్కి లాక్కోబోయింది.

"చూపించలేదా?"

"నిజమేనంటాడేమోనని... భయమేసిందమ్మా."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "ముందు గొయ్యి ఉందని తెలిస్తే బ్రేకు మీద కాలు వేస్తారు గానీ కళ్లు మూసుకుంటారటే ఎవరైనా? నాకు చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. ఇంకెవరి కోసం లెక్కేశావు?"

కూతురు బావురుమంది. రోజూ వందమంది రక్తం చూసి చలించని పిల్ల, తన తల్లి అంకె దగ్గర చంటిపిల్ల అయిపోయింది. అది అర్థమై ఆవిడ మనసు కరిగింది, పట్టు మాత్రం సడలలేదు.

"ఏడుపు తర్వాత. చెప్పులేసుకో. మీ నాన్న బండి తీస్తారు."

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. గొంతు సవరించుకుని, కూతురితో మెల్లగా అన్నాడు. "అమ్మగారిని కాసేపు బయట కూర్చోమనండి."

ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది. నోరు తెరిచేలోపే పక్కనుంచి కూతురి గొంతు వినిపించింది.

"అమ్మ ఇక్కడే ఉంటుంది డాక్టర్ గారూ. గుండె ఆవిడది. ఆవిడకే చెప్పండి."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోకుండానే కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పండి బాబూ. ఆ డెబ్భైమందిలో ఉండాలంటే నేనేం చెయ్యాలి?"

డాక్టరు కలం తీసుకుని, ఈసారి ఆవిడ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.