తప్పుల నోటుపుస్తకం

ఆరు వారాల్లో ముగ్గురు ఏజెంట్లు గుండె ఆగి చనిపోయారు. ముగ్గురివీ ఉక్కులాంటి గుండెలే. ముగ్గురూ విదేశీ డ్యూటీకి బయల్దేరే రోజునే పోయారు.

ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనకున్న సీక్రెట్ ఆఫీసులో ఏజెంట్ కామాని కూర్చోబెట్టి చీఫ్ ఈ లెక్క చెప్పాడు. 'కామా' అన్నది ఏ కేసుకీ ఫుల్‌స్టాప్ పెట్టలేడని ఆఫీసువాళ్ళు అతనికి తగిలించిన పేరు. పోయినవాళ్ళంతా మూడో అంతస్తులోని స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చదివినవాళ్ళే. ఊళ్ళోవాళ్ళ మధ్య కలిపి తమ మనుషులకి అక్కడ ఇంగ్లీష్ నేర్పించడం డిపార్ట్‌మెంట్ అలవాటు.

"క్లాసులో శత్రువుల మనిషి ఉన్నాడు. ఈసారి వెళ్ళేది మీ బావమరిది. ఐదింటికి కింద రిజిస్టర్లో సంతకం పెట్టి బయల్దేరతాడు. ఆలోపు తేల్చు" అన్నాడు చీఫ్. ప్రయాణం ఆపమంటే వినలేదు. ఆపితే పిట్ట ఎగిరిపోతుందట.

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి కామా భార్యే చంకనేసుకుని పెంచింది. పొద్దున్నే ఆమె గట్టిగా చెప్పింది: "మీ ఉద్యోగాల సంగతి నాకొద్దు. వాడు తిరిగొచ్చి నా గుమ్మం తొక్కాలి."

మూడింటికి నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుని, సెలవు పెట్టిన మాస్టారి బదులు క్లాసులోకి వెళ్ళాడు. బావమరిది కూడా పోల్చుకోలేదు. పైగా జేబులోంచి బంగారు రంగు పెన్ను తీసి, తోటి స్టూడెంట్ ఇచ్చిన కానుక సార్ అని మురిసిపోయాడు.

ఆనాటి పాఠం 'ఎక్స్‌క్యూజ్ మీ'కీ 'సారీ'కీ తేడా. ఒకరిని ఇబ్బంది పెట్టబోయే ముందు మొదటిది, పెట్టేశాక రెండోది. ఇంత చెప్పినా వాచీలు రిపేరు చేసే తాత పక్కవాడి కాలు తొక్కి దర్జాగా 'ఎక్స్‌క్యూజ్ మీ' అన్నాడు. క్లాసంతా నవ్వింది. కామాకి నవ్వు రాలేదు. పదకొండుమందీ అమాయకుల్లాగే ఉన్నారు, గడియారం మాత్రం పరిగెడుతోంది.

బావమరిది ముందుగా సెలవు తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు. దారి తోచక కామా మాస్టారి సొరుగు లాగితే ఒక నోటుపుస్తకం దొరికింది. ఒక్కో స్టూడెంటుకీ ఒక్కో పేజీ, అందులో వాళ్ళు చేసే తప్పులు. మాస్టారి పద్ధతి అది. తాత పేజీలో మూడు నెలలుగా అదే ఎక్స్‌క్యూజ్ మీ. నర్సుదీ అంతే, డ్రైవరుదీ అంతే. నేర్చుకునేవాడు తడబడిన చోటే మళ్ళీ మళ్ళీ తడబడతాడు.

ఒక్క పేజీ మాత్రం వేరుగా ఉంది. రోజుకో కొత్త తప్పు, ఏదీ రెండోసారి లేదు. ఆ పేజీ పట్టుచీరలాంటి అందంతో ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయిది. ఇంగ్లీష్ రాదని చెప్పి మూడు నెలల క్రితం డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్త ఏజెంట్.

మిగతావాళ్ళని పంపేసి, పుస్తకం ఆమె ముందు పెట్టాడు. "నీకు నేర్చుకోవాల్సింది ఏమీ లేదమ్మా."

ఆమె పేజీ చదివి మెచ్చుకోలుగా తలూపింది. "మంచి మాస్టారే. కానీ పెన్ను నేనే ఇచ్చానని ఆలస్యంగా తెలిసింది మీకు. క్యాప్ తిప్పితే గుండె ఆపే విషపు సూది. ఐదింటికి ఇంకో నిమిషమే ఉంది."

బయట గడియపెట్టి మూడు అంతస్తులూ దూకుతూ దిగాడు. ఎవరెవరిని గుద్దాడో తెలియదు. రిజిస్టరు తెరిచి ఉంది. బావమరిది వేళ్ళు క్యాప్ మీద ఉన్నాయి, సగం తిరిగింది. కామా ఆ చేతిని బల్లకేసి కొట్టాడు. పెన్ను నేల మీద పడి, సూది బయటికొచ్చింది.

కుర్రాడు బతికాడు. ఆ సంతోషం పది నిమిషాలే.

అరెస్టయిన అమ్మాయి చెప్పింది విని చీఫ్ తల పట్టుకున్నాడు. మధ్యాహ్నమే కుర్రాడి ఫోటో వాళ్ళ ముఠా మొత్తానికి చేరిపోయింది. బతికున్నాడని తెలిస్తే వారం తిరక్కుండా చంపుతారు. అందుకని రిజిస్టర్లో 'ఐదింటికి గుండె ఆగి మృతి' అని రాశారు. కొత్త పేరు, కొత్త ముఖం, ఇక ఇంటికి ఉత్తరం కూడా ఉండదు. బావమరిది అక్కా అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతణ్ణి వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళిపోయారు.

"మీ ఆవిడకి నువ్వే చెప్పాలి. చనిపోయాడనే" అన్నాడు చీఫ్.

సాయంత్రం కామా తన గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపల ఆమె తమ్ముడి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు. ముందు చెప్పే మాట, తర్వాత చెప్పే మాట అంటూ మధ్యాహ్నమంతా పాఠం చెప్పినవాడే. తన ఉద్యోగంలో మాత్రం ఎప్పుడూ రెండోదే మిగులుతుంది.