కాలవకట్ట మోటారు షెడ్డు

రాత్రి తొమ్మిదీ నలభైకి మనోజ్ మోటారు షెడ్డు తాళం తీసి, బల్బు వేసి, ల్యాప్‌టాప్ ప్లగ్గు గోడకి పెట్టాడు.

నకరికల్లు దాటాక కాలవ కట్ట మీద ఉంటుంది ఆ షెడ్డు. చీకటి పడితే దాని పక్కన ఎవరూ బండి ఆపరు. లోపల ఆడమనిషి గొంతు వినపడుతుందని, ఎవర్నో పిలుస్తుందని చెప్పుకుంటారు. కాలవలో పడిపోయిన మనిషి అంటారు గాని, ఏ ఊరి మనిషో చెప్పగలిగినవాళ్ళు లేరు. విన్నామన్నవాళ్ళంతా మొదటి పిలుపుకే పరుగెత్తినవాళ్ళు.

ఆ షెడ్డులో ఒక చావు జరిగిన మాట మాత్రం నిజం. రెండేళ్ళ కిందట కార్తీక్ అనే కుర్రాడు స్టార్టర్ పెట్టె దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఇంట్లోవాళ్ళు నరసరావుపేట వెళ్ళిపోయారు. వాళ్ళ పొలాన్ని మనోజ్ మేనమామ రాజారత్నం కౌలుకి తీసుకుని కొత్త మోటారు, కొత్త స్టార్టరు పెట్టుకున్నాడు. పాత పెట్టె గోడకే ఉండిపోయింది. దాని మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు.

అలాంటి చోట మనోజ్‌కి రాత్రిపూట పనేంటంటే… కరెంటు.

అతను చర్చిలో గిటారు వాయిస్తాడు. సంఘంవాళ్ళు తలా కొంత వేసుకుని పాతది ఒక డిజిటల్ ఆంప్ పెట్టె కొన్నారు. కాలితో నొక్కే మీటలు, చిన్న తెర. రకరకాల పెద్ద ఆంప్లిఫయర్ల మోతని తనే పుట్టిస్తుంది. కానీ లోపలి సాఫ్ట్‌వేర్ ఏనాటిదో. పాట మధ్యలో తెర బిగుసుకుపోయేది, గిటారు మూగబోయేది. ఈస్టరు ఆరాధనలో కూడా అదే అయ్యేసరికి పెద్దలు సణిగారు. కొనమని వెంటపడింది మనోజే. ఎల్లుండి నుంచి సువార్త కూటాలు. అక్కడా ఆగిందంటే పెట్టె అమ్మేస్తామని, ఇక గిటారు వద్దని రాజారత్నం చెప్పేశాడు. ఆయన సంఘ పెద్ద కూడా.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఆ జబ్బు పోతుందని, నరసరావుపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఫైజల్ చెప్పాడు. ఫైలు తనే డౌన్‌లోడ్ చేసిచ్చాడు. పెట్టెలో ఉన్నది మరీ పాత వెర్షన్ కాబట్టి ముందు మధ్యది ఎక్కించాలి, తరవాత కొత్తది. అది అయ్యేదాకా కరెంటు పోకూడదు, కేబుల్ కదలకూడదు.

“మధ్యలో పీకావంటే అది ఇంక లేవదు రా. ఇల్లంటుకున్నా అక్కడే కూర్చో,” అన్నాడు ఫైజల్.

మనోజ్ వాళ్ళ పాలెంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కాలవ లైను వేరు, అక్కడ కరెంటు ఉంది. రాజారత్నం తాళంచెవి ఇచ్చాడు గాని తోడు రానన్నాడు.

“సంఘ పెద్దవి, నీకేంది మామయ్యా భయం?”

“భయం కాదురా. మోకాళ్ళ నొప్పులు.”

మొదటి వెర్షన్ ఇబ్బంది లేకుండా ఎక్కింది. రెండోది మొదలైంది. తెర మీద సన్నటి గీత, దాని కింద శాతం, ఆ కింద హెచ్చరిక — ఆపవద్దు, తీయవద్దు. యూఎస్‌బీ కేబుల్ మూరెడు. ప్లగ్గు ఉన్నది పాత స్టార్టర్ పెట్టె కిందే. కాబట్టి మనోజ్ గోడకి వీపు ఆనించి, సరిగ్గా ఆ పెట్టె కింద కూర్చోవాల్సి వచ్చింది.

కాసేపటికి మోటారు దానంతటదే మూలిగి లేచింది. పొలాలకిచ్చే త్రీ ఫేజ్ కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్ మోటారు వేసింది. దానికతను భయపడలేదు. బల్బు మసకబారింది… దానికి భయపడ్డాడు. గీత ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి చూశాడు. మళ్ళీ కదిలింది.

పనయ్యాక వాయించి చూద్దామని తెచ్చిన చిన్న స్పీకరు పక్కనే ఆన్ చేసి ఉంది. అది ఉన్నట్టుండి చిటపటలాడింది.

టిక్… టిక్ టిక్… బర్‌ర్‌…

ఫోను మోగబోయే ముందు స్పీకర్లలో వచ్చే చప్పుడు. మనోజ్ జేబులోంచి తన ఫోను తీసి చూశాడు. స్విచాఫ్. వచ్చేటప్పుడు తనే ఆపేశాడు. అక్కడ ఇంకో ఫోను లేదు… ఇంకో మనిషీ లేడు.

అప్పుడు గోడలోంచి —

“నాయనా…”

లేవబోయాడు. మోకాలికి కేబుల్ తగిలి బిగిసింది. సగం లేచిన మనిషి అలాగే ఆగిపోయాడు. తెర మీద ముప్పై ఒక శాతం. తలుపు తీసే ఉంది. బయట చీకట్లో బండి కనపడుతోంది.

మెల్లిగా, కేబుల్ కదలకుండా, మళ్ళీ కూర్చున్నాడు.

“నాయనా… నీళ్ళొస్తన్నాయా?”

తల వెనకే ఉంది గొంతు. ముసలి గొంతు. మోటారు హోరులో కూడా ప్రతి మాటా వినపడుతోంది.

రాత్రిపూట పిలిస్తే మూడోసారి దాకా పలక్కూడదని మనోజ్ నాయనమ్మ చెప్పేది. మనిషి కానిది మూడోసారి పిలవదట. ఇప్పటికి రెండు. మూడోది రాకపోతే తన వెనక ఉన్నదేమిటో తెలిసిపోతుంది. వస్తే పలకాలి. ఏది మేలో తేల్చుకోలేక గీతని చూస్తూ కూర్చున్నాడు. ముప్పై నాలుగు… అది కదలడం లేదు.

“నాయనా… ఒక్కడివే ఉన్నావా?”

మూడోది.

“వస్తన్నాయమ్మా,” అన్నాడు మనోజ్. గొంతు తనదిలా లేదని తరవాత చెప్పాడు.

మోటారు చప్పుడే. ఆ తరవాత గోడలోంచి ఒక నిట్టూర్పు, “సరే నాయనా. పడుకుంటా మరి.”

స్పీకరు ఒకసారి చిటుక్కుమని ఊరుకుంది. నూరు శాతం అయ్యేదాకా మనోజ్ తల తిప్పలేదు.

కూటాలు జరిగినన్ని రోజులూ ఆంప్ పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదు. పెద్దలు ఇంకేమీ అనలేదు.

ఫైజల్ విని, గోడలో గొంతుని నమ్మలేదు. స్పీకరు చిటపటని మాత్రం నమ్మాడు. అది ఫోనేనన్నాడు. పగటిపూట మెయిన్ ఆపి ఇద్దరూ పాత పెట్టె తెరిచారు. లోపల చార్జరుకి తగిలించి ఒక కీప్యాడ్ ఫోను ఉంది. నీళ్ళు పెట్టేటప్పుడు చేతులు బురదగా ఉంటాయని, కాల్ వస్తే మోగకుండా దానంతటదే ఎత్తి, స్పీకర్లో మాట్లాడేలా కార్తీక్ పెట్టుకున్నాడు. అందులో చివరగా కాల్ వచ్చిన నంబరుకి చేస్తే కార్తీక్ అక్క దేవిక ఎత్తింది.

తల్లి కొండమ్మకి మతి నిలవడం లేదట. కార్తీక్ పోయాడని చెప్పిన ప్రతిసారీ అప్పుడే పోయినట్టు ఏడుస్తుంది. అందుకని చెప్పడం మానేశారు. రోజూ పడుకోబోయే ముందు ఆ నంబరుకి చేస్తుంది, మోటారు చప్పుడు వినపడితే చాలు, కొడుకు పొలం దగ్గరే ఉన్నాడని పడుకుంటుంది. దేవిక ఆ సిమ్‌కి రీచార్జ్ చేయిస్తూ వస్తోంది.

“ఇప్పుడు వాడు పలికాడని పట్టుకుంది,” అంది దేవిక. “పలికిందాకా చేస్తానే ఉంది, కన్ను మూయట్లేదు. ఒక్కసారి పలుకుతావా తమ్ముడూ?”

సిమ్ తీసి మనోజ్ ఫోన్‌లో వేశాడు ఫైజల్. ఆ రాత్రి మనోజ్ ఇంట్లోంచే పలికాడు. వెనక మోటారు లేదేమని అడిగింది కొండమ్మ. తడబడ్డాడు. “ఎవరు నువ్వు? మావాడేడి?” అందట. తెల్లారేదాకా ఏడ్చిందని దేవిక చెప్పింది. సిమ్ మళ్ళీ షెడ్డులో పాత పెట్టెలోని ఫోన్‌లోకి వెళ్ళింది.

ఆ మర్నాటి నుంచి మనోజ్ రోజూ రాత్రి షెడ్డుకి పోతున్నాడు. మోటారు వేసి, గోడకి ఆనుకుని కూర్చుంటాడు. పక్క జిల్లా సంఘాలవాళ్ళు కూటాలకి వాయించమని పిలిచినా పోలేకపోయాడు.

పది రోజుల తరవాత నకరికల్లులో టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారు — కాలవకట్ట షెడ్డులో ఇప్పుడు ఆ ఆడమనిషికి ఒక మగగొంతు బదులు పలుకుతోందట. కార్తీక్‌తో చిన్నప్పట్నుంచీ కలిసి చదువుకున్న సుమంత్ కట్ట మీద నిలబడి చెవులారా విన్నాడు. అది కార్తీక్ గొంతేనని, అందులో అనుమానమే లేదని చెప్పాడు.