కంబళి దిబ్బ ఖాన్ అడిగిన పేర్లు

నువ్వు నమ్మవు. పందెం. చివరిదాకా చదివి, ఆ తర్వాత లైటు ఆర్పి పడుకో చూద్దాం. పడుకుంటే నా సైకిల్ నీదే.

మా ఊరి అవతల, ఏటి మలుపులో కంబళి దిబ్బ ఉంది. గడ్డి కూడా మొలవని బోడి దిబ్బ. చీకటి పడితే గొర్రెల కాపరి చుట్టూ తిరిగైనా వస్తాడు గానీ దాని మీంచి రాడు. ఎందుకో మా నాయనమ్మ చెప్పింది.

మూడొందల ఏళ్ళ కిందట... తూర్పు నుంచి జుంగార్లు, అంటే గుర్రాల మీద దోచుకునే దండ్లు, వచ్చి మీద పడుతున్న రోజులు. ఊరికో ఖాన్, ఏడాదికో ఖాన్. ఎత్తేదీ ఊరివాళ్ళే, దించేదీ ఊరివాళ్ళే. అట్లాంటప్పుడు ఇక్కడివాళ్ళు ఒక కుర్రాణ్ణి ఖాన్ని చేశారంట. తెల్ల ఉన్ని కంబళి మీద కూర్చోబెట్టి, నలుగురు నాలుగు మూలలూ పట్టుకుని మూడుసార్లు పైకెత్తుతారు. అంతే. వాడు ఖాన్.

నెల తిరక్కుండానే ఆ నలుగురే జుంగార్ల దగ్గర గుర్రాలు పుచ్చుకుని వాణ్ణి అమ్మేశారు. ఖాన్ రక్తం నేల మీద పడితే పాపం అంట. అందుకని ఏం చేశారంటే — ఎత్తిన కంబళిలోనే చాపలా చుట్టి, దిబ్బ మీద పడేసి, పైనుంచి గుర్రాలు తోలారు.

ఎంత పుణ్యాత్ములో చూడు.

అప్పట్నుంచి రాత్రిపూట అక్కడ ఎవరో అడుగుతారంట. గట్టిగా కాదు... చెవిలో. "ఎవరు పట్టుకున్నారు?" అని.

సరే, ఇదంతా పాత గోల. అసలు సంగతి నిన్న రాత్రిది.

జందోస్ అన్న అని మా పెదనాన్న కొడుకు. పెదనాన్న పోతూ వాడికి మిగిల్చింది ఒకే ఒక్కటి — షెగీర్. బూడిద రంగు గుర్రం, నీళ్ళ రంగు కళ్ళు. రేపు పెద్ద పరుగు పందెం. షెగీర్ పరిగెత్తితే మిగతావి దుమ్ము తినాల్సిందే, అందరికీ తెలుసు. అన్నకి ఈ లోకంలో ఇంకేం లేదు. అది ఉంటే వాడు మనిషి, లేకపోతే మా ఇంట్లో తిని పడుకునే అనాథ.

నిన్న సాయంత్రం దోస్తులు వచ్చారు. రుస్తెమ్, ఆయ్బార్, తొలెగెన్. ఇంకొకడు కూడా ఉన్నాడు, వాడి పేరు తర్వాత.

"ఆదివారం ఊరి పరువంతా నీ జీను మీదేరా. నువ్వే మా ఖాన్‌వి" అన్నాడు రుస్తెమ్.

"వీడు ఖానా? బూటుకి మడమ లేదు" అన్నాడు ఆయ్బార్.

"లేకపోతేనేం. పద్ధతి ప్రకారం ఎత్తుదాం. కంబళి దిబ్బ మీద" అన్నాడు రుస్తెమ్.

అన్న నవ్వాడు. "అక్కడ ఎత్తించుకున్నోడు ఏమయ్యాడో తెలుసుగా?"

"ఖాన్ గారికి భయమైతే నాయనమ్మని తోడు తెచ్చుకోమను" అన్నాడు తొలెగెన్, టీ ఊదుకుంటూ.

ఇంక ఆగుతాడా. వెళ్ళాడు.

షెగీర్‌ని దిబ్బ కింద కట్టేశారు. చంద్రుడు లేడు, చుక్కల వెలుతురే. కంబళి పరిచారు, అన్న కూర్చున్నాడు, తలోమూలా పట్టుకున్నారు. ఒకటి... రెండు... మూడోసారి గాల్లో ఉన్నప్పుడు వాడి మొహం చూడాలి నువ్వు. తండ్రి పోయాక ఎవరైనా వాణ్ణి పైకెత్తడం అదే మొదలు.

దించారు.

ఎవరూ నవ్వలేదు.

కంబళి అంచు వాడి మొహం మీద పడింది. తర్వాత ఇంకో అంచు. గబగబా చుట్టేశారు, పైన తాడు. అన్న లోపల నవ్వుతూనే ఉన్నాడు — "చాల్లేరా, ఊపిరాడట్లేదు" అని. అప్పుడు కింద డెక్కల చప్పుడు. షెగీర్ సకిలింపు. దూరం అయింది... ఇంకా దూరం... పోయింది.

ఏటి అవతల గుర్రాల ఆసామితో ముందే మాట్లాడుకున్నారు. గుర్రానికి బదులు ఒక పాత జీపు, నలుగురికీ కలిపి.

అన్న అరిచాడు. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచాడు. తిట్టాడు. ఏడ్చాడు. గొంతు పోయింది.

అప్పుడు పక్కన ఎవరో కూర్చున్నారు.

అడుగుల చప్పుడు లేదు. కంబళి మీద బరువు మాత్రం పడింది.

"నిన్ను ఎంతమంది ఎత్తారు?" ...చెవి దగ్గర, ఉన్ని అవతల నుంచి.

అన్న పై ప్రాణాలు పైనే పోయాయి. "నలుగురు" అన్నాడు, ఎలాగో.

"నన్నూ అంతే."

తర్వాత — "ఎవరు పట్టుకున్నారు?"

"రుస్తెమ్."

తాడు ఒక చుట్టు వదులైంది.

"ఆయ్బార్." ఇంకో చుట్టు. "తొలెగెన్." ఇంకోటి.

"కంబళికి నాలుగు మూలలు."

అన్న కంబళి లోపలే మొహం అటు తిప్పుకున్నాడు.

"చెప్పు. చెబితేనే ముడి ఊడుతుంది."

కాళ్ళ దగ్గర్నుంచి చలి పైకి పాకుతోందంట. మోకాళ్ళు... నడుము... ఛాతీ. "చెప్పను" అన్నాడు.

ఆ తర్వాత ఒక నిట్టూర్పు, ముసలి గుర్రం నేల మీద వాలినట్టు.

"మట్టిలో పెట్టాక దేవదూతలు నన్నూ అడిగారు. నేనూ ముగ్గురి పేర్లే చెప్పాను. నాలుగోవాడు నా తమ్ముడు."

ముడి ఊడింది. కంబళి విప్పుకుని చూస్తే దిబ్బ మీద పురుగు లేదు.

తెల్లారేసరికి షెగీర్ మా గుమ్మం ముందుంది. దాని వెనకాల ఆ ముగ్గురూ నడుచుకుంటూ వచ్చారు. ముగ్గురి కుడి పిడికిళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయి. రుస్తెమ్ వాళ్ళమ్మ గొర్రె కొవ్వు రాసింది, వేడినీళ్ళలో ముంచింది. ఊహూ. మధ్యాహ్నం అన్న బయటికొచ్చి "పోండి" అన్నాక గానీ తెరుచుకోలేదు. తీరా చూస్తే తలో అరచేతిలో ఇంత ఉన్ని. పసుపుపచ్చగా, చిమటలు కొట్టేసింది.

నరాలు పట్టేసి ఉంటాయి అంటావు. సరే అను. రాత్రి పరిచిన మా కంబళి మాత్రం నిరుడు చేసింది. మంచులా తెల్లగా ఉంటుంది.

నాలుగోవాడికి ఏం కాలేదు. చెయ్యి బాగానే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆ చేత్తోనే ఇదంతా టైపు చేస్తున్నా.

తల వైపు మూల నేనే పట్టుకున్నా. తాడు ముడి నేనే వేశా. ఆ ముడి నాకు చిన్నప్పుడు నేర్పింది వాడే.

ఇదంతా ఇందాక అన్న నాయనమ్మకి చెప్పాడు. నేను ఎదురుగానే కూర్చున్నా. "మరి నాలుగోవాడు ఎవడ్రా?" అంది నాయనమ్మ. అన్న రొట్టె విరిచి సగం నా ముందు పెట్టాడు. నా వైపు చూడలేదు. "చీకట్లో సరిగ్గా కనపడలేదు నాయనమ్మా" అన్నాడు.

ఆ రొట్టె ఇంకా మింగుడు పడలేదురా నాకు. వాళ్ళ ముగ్గురికీ చేతులు బిగుసుకుని వదిలాయి, అయిపోయింది. నాకు ఎప్పుడు—

ఆగు. బయట పిలుస్తున్నాడు.

అన్నే. "నుర్కెన్, దుప్పటి తీసుకుని రారా. రేపు పందెం కదా, ఈ రాత్రి షెగీర్ దగ్గర నువ్వే పడుకోవాలి" అంటున్నాడు. పగ్గం పట్టుకుని నిలబడ్డాడు, నా చేతికివ్వడానికి. నేను వెళ్తు—