చెరువు నడుమ పుట్టిలో ఇద్దరు

"రేపు నన్ను చూసేదానికి టేకల్ నుంచి పెండ్లోళ్లు వస్తాండారు" అని నేత్ర చెబితే, టెంటు తాడు బిగిస్తూ మునేష్ "ఓ, సూపర్!" అన్నాడు.

అంతే. కోలారు ఆఫీసు ఫ్రెండ్స్‌ను పోగేసుకుని ఆదివారం ఆదివారం బేతమంగళం చెరువు గట్టుకు ఆమె వస్తున్నది టెంట్లలో పడుకోవడానికి అనుకున్నాడా ఈ మహానుభావుడు? నేత్రకు ఒళ్లు మండింది. విసవిసా పోయి, ఒడ్డున ఉన్న గుండ్రటి పుట్టి పడవలో ఒక్కతే కూర్చుంది. క్యాంపు అతనిదే కాబట్టి, పొడవాటి తాడు వదులుతూ పుట్టిని నీళ్లలోకి పంపడమూ అతని పనే.

నడుమకు చేరేసరికి కోపం కాస్త చల్లారింది. మబ్బు కిందికి దిగి నీళ్లను తాకుతోంది. సన్నని తుంపర. అవతలి గట్టు కలలో కనిపించినట్టు మసకగా ఉంది. ఇంత అందంలో పక్కన అతను లేడే అని దిగులేసింది. వెనక్కి లాగమని పుట్టిలో ఉన్న గంట ఒకసారి కొట్టింది.

తాడు కదల్లేదు. కాసేపాగి మళ్లీ ఒకటి కొట్టింది. ఊహూఁ. గట్టు మీద మునేష్ తాడు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. వాన పెద్దదైంది.

"మునేషా!" అని కేక పెట్టింది.

అతను దబ్బున నీళ్లలో దూకాడు. ఈదుకుంటూ వచ్చి పుట్టిలోకి ఎక్కాడు.

"చెవుడా నీకు? ఎన్ని తూర్లు కొట్టేది?"

"ఒక్కొక్కటే కదా కొట్టినావు! ఒకటి కొడితే నిలపాల, మూడు కొడితే లాగాల. మా తాత బంగారు గనిలో పని చేసిన కాలం లెక్క ఇది. మా గని కాలనీలో చిన్నబిడ్డలకూ తెలుసు."

"సుగటూరు టమాటా తోటల్లో పెరిగిన మాకెట్ల తెలుస్తాదప్పా?"

మునేష్ నాలుక కరుచుకున్నాడు.

"సరే, లాగు ఇంగ. తాడు యాడ?"

"కంగారులో గట్టు మీదే వదిలేసి దూకినా."

ఏడవాలో నవ్వాలో తెలియక నేత్ర నవ్వేసింది. పుట్టి మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. గట్టు ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి మాయమవుతోంది. అతని జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. అలా చూస్తూనే ఉండాలనిపించింది ఆమెకు.

"ఇందాక సూపర్ అన్నావే?"

"ఇంకేమనేది? ఆ టేకల్ ఆయప్పకు మంచి ఉద్యోగం ఉంటాది. నాకు ఈ టెంట్లే ఉండేది." గొంతు తగ్గింది. "నువ్వు ఆ మాట చెప్పినప్పటినుంచి నాకు చేతులాడలేదు నేత్రా. నువ్వంటే నాకు ప్రాణం."

వాన చప్పుడులోనూ ఆ మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. గుండె నిండిపోయింది.

"నాకు చెప్పితే చాలదు. మా నాయనకు చెప్పల్ల."

"రేపే సుగటూరుకు వస్తా."

"టేకల్ వాళ్లకన్నా ముందు వచ్చి కూర్చో" అంది నేత్ర, తడిసిన అతని చేతిని పట్టుకుని. "మొదటి కాఫీ నీకే తెచ్చిస్తా."